ఆర్‌టీఎక్స్ 3060 కార్డు, 27 అంగుళాల మానిటర్: పెళ్ళి వీడియోల పనిలో ఏళ్ళు వాడాక

మల్కాజిగిరిలో ఇంట్లోనే పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాను. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3060, 12 జీబీ గ్రాఫిక్స్ కార్డును 2022 చివర్లో సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నాను. కార్డు మార్కెట్లోకి వచ్చింది 2021 ఫిబ్రవరిలోనే. కానీ అప్పుడు ఇలాంటి కార్డులతో ఇథీరియం లాంటి క్రిప్టో కరెన్సీ సంపాదించే (మైనింగ్) వాళ్ళ గిరాకీతో ధరలు మనలాంటి వాళ్ళకు అందేవి కావు. 2022లో అవి దిగాయి, సెప్టెంబర్‌లో ఇథీరియం మైనింగే ఆగిపోయింది.

ఇన్నాళ్ళు వాడాక నా అభిప్రాయం ఇది: కార్డును విడిగా చూసి మార్కులు వేయకూడదు. బొమ్మ తయారుచేసేది కార్డు, మోసుకెళ్ళేది కేబుల్, చూపించేది మానిటర్. మూడింటిలో ఏది తక్కువదైతే మన కంటికి అందేది అంతే. మా బావమరిది 144 హెర్ట్జ్ మానిటర్ (సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చేది) కొని, గేముల్లో ఏ తేడా కనబడటం లేదని నా దగ్గరికి వచ్చాడు. కేబుల్‌ను కార్డుకి కాకుండా మదర్‌బోర్డు మీది హెచ్‌డీఎంఐకి పెట్టారు అమర్చినవాళ్ళు. కార్డు ఖాళీగా కూర్చుంది. దాన్ని కార్డు మీది డిస్‌ప్లేపోర్ట్‌కి మార్చి, విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 60 దగ్గర ఉన్న రిఫ్రెష్ రేట్‌ను 144 చేశాం. 60 హెర్ట్జ్‌లో ఒక్కో ఫ్రేమ్ దాదాపు 16.7 మిల్లీసెకన్లు తెర మీద ఉంటుంది, 144లో 7 కన్నా తక్కువ. మౌస్ కదిపిన మరుక్షణం వాడి ముఖం వెలిగిపోయింది.

నా మానిటర్ 27 అంగుళాల ఐపీఎస్ (పక్కనుంచి చూసినా రంగు పెద్దగా మారని ప్యానెల్ రకం), 2560×1440 చుక్కలది. అదే సైజులో 1920×1080 తీసుకుంటే అంగుళానికి 82 చుక్కలే, దీనికి 109. అక్షరాలు నున్నగా ఉంటాయి, టైమ్‌లైన్‌కు చోటు ఎక్కువ. వీఏ అనే మరో రకం ప్యానెల్‌లో నలుపు ఇంకా చిక్కగా ఉంటుందన్నది నిజమే, చీకటి గదిలో ఐపీఎస్ నలుపు కాస్త బూడిదరంగులా కనిపిస్తుంది. అయినా నాకు ఐపీఎసే కావాలి. పెళ్ళివాళ్ళు వచ్చి అటొకరు ఇటొకరు కూర్చుని చూస్తారు. పక్కనుంచి చూసినా పట్టుచీర ఎరుపు ఎరుపులాగే ఉండాలి కదా.

వాళ్ళకు చూపించడానికి హెచ్‌డీఎంఐతో టీవీ కలిపినప్పుడు ఒక్కోసారి రంగులు వెలిసిపోయినట్టు ఉంటాయి. చాలామంది టీవీని తిడతారు. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో అవుట్‌పుట్ డైనమిక్ రేంజ్ (నలుపు నుంచి తెలుపు దాకా కార్డు పంపే స్థాయిల పరిధి) లిమిటెడ్‌లో ఉందేమో, టీవీ దేన్ని ఆశిస్తోందో చూడండి. రెండూ ఒకటైతే నలుపు మళ్ళీ నలుపవుతుంది.

ఇక పని సంగతి. 12 జీబీ వీడియో మెమరీ నన్ను నిజంగా కాపాడింది. 4కే టైమ్‌లైన్ మీద నాయిస్ రిడక్షన్ (తక్కువ వెలుతురులో తీసిన బొమ్మలో వచ్చే చుక్కల మచ్చలు తగ్గించేది) వేస్తే తక్కువ మెమరీ కార్డులు చేతులెత్తేస్తాయి. రాత్రి సంగీత్ ఫుటేజీకి అది వేయకుండా కుదరదు. హెచ్.264, హెచ్.265 (వీడియోను కుదించే పద్ధతులు) ఎక్స్‌పోర్ట్‌కు కార్డులోనే ప్రత్యేకమైన ఎన్‌కోడర్, అంటే ఆ కుదించే భాగం ఉంది. ప్రాసెసర్‌ను ఒక్కదాన్నే నమ్ముకున్న రోజులతో పోల్చే పనే లేదు.

కానీ ఒక లోటు నన్ను చాలా సతాయించింది. మిర్రర్‌లెస్ కెమెరాల్లో 10 బిట్ 4:2:2లో (రంగుల వివరం ఎక్కువగా దాచే పద్ధతి) తీసిన హెచ్.264, హెచ్.265 ఫైళ్ళను ఈ కార్డు హార్డ్‌వేర్‌లో డీకోడ్ చేయలేదు, అంటే కుదించినదాన్ని తనంతట తాను విప్పలేదు. అంత కార్డు ఉండి కూడా ప్లేబ్యాక్ కుంటుతుంది. ఎన్విడియాలో ఆ సౌకర్యం 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ కార్డులతో మొదలైంది. హెచ్.265 4:2:2 ఫైళ్ళ మటుకు ఆ పనిని ఇంటెల్ 11వ తరం నుంచి డెస్క్‌టాప్ ప్రాసెసర్లలోని లోపలి గ్రాఫిక్స్ చక్కగా చేస్తుంది. అందుకే ఎడిటింగ్‌కి ఇంటెల్ కొనేటప్పుడు పేరు చివర ఎఫ్ ఉన్న మోడల్ వద్దంటాను, వాటిలో లోపలి గ్రాఫిక్స్ పనిచేయదు. లేదంటే ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం ఆ ఫైళ్ళకు తేలికపాటి నకళ్ళు) చేసుకోవడమే, నేను చాలా పెళ్ళిళ్ళు అలాగే పూర్తిచేశాను.

కార్డు తీసుకునే కరెంటు 170 వాట్లు, కంపెనీ చెప్పే ఎస్‌ఎమ్‌పీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) 550 వాట్లు. మే నెలలో మన ఎండకు గది వేడెక్కితే ఫ్యాన్ల మోత పెరుగుతుంది. రోడ్డు దుమ్ము కూడా తక్కువేం కాదు. అప్పుడప్పుడూ క్యాబినెట్ తెరిచి, ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని బ్లోయర్ కొడితే ఆ మోత తగ్గుతుంది. కరెంటు పోయినా రెండర్ సేవ్ చేసుకునేంత సమయం ఇచ్చే యూపీఎస్ తప్పనిసరి.

సెకండ్ హ్యాండ్‌లో ఈ కార్డు చూసేవాళ్ళు ఒకటి గమనించాలి. ఇదే పేరుతో 8 జీబీ మోడల్ కూడా ఉంది. దానిలో తగ్గింది మెమరీ ఒక్కటే కాదు, మెమరీ బస్ (మెమరీకి, చిప్‌కి మధ్య దారి వెడల్పు) కూడా 192 బిట్ల నుంచి 128కి తగ్గించారు. ధర తక్కువని ఎవరైనా చూపిస్తే, డబ్బివ్వకముందే జీపీయూ-జెడ్ (కార్డు వివరాలు చూపే సాఫ్ట్‌వేర్) తెరిపించి 12 జీబీ, 192 బిట్ అని కళ్ళారా చూసుకోండి. పనిలో పనిగా మానిటర్‌ను కార్డు మీది ప్రతి పోర్టుకీ పెట్టించి బొమ్మ వస్తోందో లేదో చూడండి.