బీపీ మిషన్‌లో ఎవరూ చూడని మూడో అంకె

అత్తయ్య కోసం కొన్న బీపీ మిషన్ ఇది. జబ్బకు పట్టీ చుట్టే రకం, నాలుగు పెన్సిల్ సెల్స్ వేయాలి, ధర 1,800 రూపాయలు. అత్తయ్యకు పై అంకె, కింది అంకె తెలిస్తే చాలు. అడుగున గుండె బొమ్మ పక్కన ఉండే నాడి అంకె వైపు ఇంట్లో ఎవరూ చూసేవారు కాదు.

నేను తెనాలి దగ్గర హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పోయిన వర్షాకాలంలో వైరల్ జ్వరం తగ్గినప్పటి నుంచి ఉదయం ప్రార్థనలో నిలబడితే చాలు, గుండె దడ, చేతుల్లో వణుకు, కళ్లు బైర్లు కమ్మడం. ఒక డాక్టరు గారు ఈసీజీ, థైరాయిడ్, రక్త పరీక్షలు చూసి, “అన్నీ బాగున్నాయమ్మా, ఇది ఆందోళనే” అని మాత్రలు రాశారు. పక్కింటావిడ నరాల బలహీనత అంది. ఆ మాట వింటే నాకు బస్టాండు గోడల మీది ప్రకటనలే గుర్తొస్తాయి! నేనూ ఆందోళనే అనుకున్నాను. కానీ ఒక లెక్క కుదరలేదు. బోర్డు దగ్గర నిలబడి తేలికైన కూడికలు చెబుతుంటే దడ. హెడ్మాస్టర్ గారు ఎదురుగా కూర్చోబెట్టి అరగంట చివాట్లు పెడితే ఏమీ లేదు.

ఒక ఆదివారం పది నిమిషాలు పడుకుని ఈ మిషన్‌తో చూసుకున్నాను. బీపీ 114/74, నాడి 72. లేచి గోడకు ఆనుకుని నిలబడ్డాను. మూడో నిమిషంలో నాడి 104, ఎనిమిదో నిమిషంలో 116. బీపీ మాత్రం కదలలేదు. మళ్లీ పడుకుంటే కాసేపటికి 78. మా వారు ఇవన్నీ క్యాలెండర్ కాగితం వెనక రాశారు. మరో రెండు రోజులూ అదే వరస.

నరాల డాక్టరు గారు నా ఫైలు పక్కన పెట్టి ఆ కాగితమే చదివారు. తామూ నిలబెట్టి చూసి పాట్స్ (పోస్చురల్ ఆర్థోస్టాటిక్ టాకికార్డియా సిండ్రోమ్) అన్నారు, అంటే నిలబడితే నాడి అతిగా పెరిగే జబ్బు. నిలబడగానే రక్తం కాళ్లలోకి, పొట్టలోకి దిగుతుంది. రక్తనాళాలను బిగించి దాన్ని పైకి పంపే పని మన ప్రమేయం లేకుండా నడిచే నరాలది. అవి సరిగా చేయకపోతే ఆ లోటు పూడ్చడానికి గుండె పరుగెత్తుతుంది. పెద్దవాళ్లలో నిలబడిన పది నిమిషాల్లోపు నాడి 30 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పెరగాలి, బీపీ పెద్దగా పడకూడదు, బాధ మూడు నెలలైనా ఉండాలి. అప్పుడే ఆ పేరు. పేరు పెట్టింది 1993లో. నాకన్నా రెండేళ్లు చిన్నది.

ఇక మిషన్ సంగతి. నిలబడి చూసుకునేటప్పుడు చేతిని గుండె ఎత్తులో ఆనించాలి, వేలాడేస్తే బీపీ ఎక్కువ చూపిస్తుంది. మాట్లాడినా కదిలినా తప్పు గుర్తు వస్తుంది. కూత చెవులు చిల్లులు పడేలా ఉంది. తెలుగులో ఒక్క ముక్క సూచన లేదు.

అసలు లోపం, ఇద్దరి అంకెలూ ఒకే చోట దాచుకోవడం. నా 116 చూసి అత్తయ్య తనదే అనుకుని పూజగదిలో కూర్చున్నారు. ఆవిడకు ఉప్పు తగ్గించమన్నారు, నాకు డాక్టరే ఉప్పూ నీళ్లూ పెంచమన్నారు. పప్పు రెండు గిన్నెల్లో తీస్తున్నాం. మీ ఇంట్లోనూ ఇద్దరికి కావాలంటే, విడివిడిగా దాచే రకం చూసుకోండి. అయిదుకు నాలుగు.