అంబాసిడరా, డిజైరా?

పోయిన దసరాకి మా బాబాయి ఒక పేచీ తెచ్చాడు. తాతయ్య కొన్న 1984 నాటి అంబాసిడర్ మార్క్ 4ని బాగు చేయించి రోజూ వాడుకోవాలా, అమ్మేసి మారుతి డిజైర్ తీసుకోవాలా అని. రెండూ నడిపినవాణ్ణని తీర్పు నా మీద పడింది.

కూర్చునే సుఖంలో అంబాసిడర్‌దే గెలుపు. పంచెకట్టు పెద్దాయన కూడా పెద్దగా వంగకుండా ఎక్కేస్తాడు. గేరు స్టీరింగ్ పక్కనే ఉంటుంది, ముందు సీటు బల్లలా ఒకటే. మా ఇంట్లో పెళ్లిళ్లకి ముందు ముగ్గురు, వెనక ఐదుగురు, ఒళ్లో పిల్లలు! డిజైర్ అలా కాదు. నాలుగు మీటర్లు దాటితే పన్ను పెరుగుతుందని 3,995 మిల్లీమీటర్లకి కుదించిన బండి. వెనక మధ్యలో కూర్చున్నవాడు ఊరు చేరేదాకా సణుగుతూనే ఉంటాడు.

మైలేజీలో పోటీయే లేదు. డిజైర్‌కి కంపెనీ లెక్క లీటరుకి 25 కిలోమీటర్ల దాకా, మా పాతదానికి పదొస్తే పండగే.

బాబాయి గట్టిగా పట్టుకున్నది మాత్రం రేకు గురించి. "ఆ ఇనుము చూడరా, గుద్దితే ఎదుటోడే పోతాడు" అంటాడు. చాలామంది నమ్మకం ఇదే, కానీ తప్పు. ముందు భాగం నలగకపోతే ఆ దెబ్బంతా లోపలున్న మన ఒంటికే తగులుతుంది. కొత్త బండి ముక్కు నుజ్జయ్యేలా కావాలనే చేస్తారు. 2024 డిజైర్‌కి ఆరు ఎయిర్‌బ్యాగులు, గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో 5 స్టార్లు. మా అంబాసిడర్‌కి నాలుగు చక్రాలకీ పాతరకం డ్రమ్ బ్రేకులే, గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లేదు. హైవే మీద ముందు లారీ ఉన్నట్టుండి ఆగితే ఏ బండిలో ఉండాలనుకుంటావు అని అడిగితే బాబాయి టాపిక్ మార్చాడు.

రిపేరు సంగతి కొంచెం తిరకాసు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే బ్రిటన్ కారు అచ్చుతో కోల్‌కతా దగ్గర ఉత్తరపారాలో మొదలుపెట్టి, 2014 దాకా పెద్దగా మార్చకుండా అదే బాడీతో తీశారు కాబట్టి సామాన్లు ఇంకా దొరుకుతున్నాయి. బానెట్ ఎత్తితే ప్రతి పార్టూ చేతికందుతుంది. ఎండాకాలం ఘాట్ ఎక్కుతుంటే పెట్రోలు ఆవిరై ఇంజిన్ ఆగిపోయేది. నాన్న దిగి పెట్రోల్ పంపు మీద తడిగుడ్డ చుట్టి, పది నిమిషాలాగి మళ్లీ స్టార్ట్ చేసేవాడు. డిజైర్ ఆగితే మనం చేయగలిగింది ఫోను చేయడమే. కానీ పెట్రోలుని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే కార్బురేటర్ ట్యూనింగ్ తెలిసిన చేతులు తగ్గిపోతున్నాయి. మా వీధి మెకానిక్‌కి అరవై దాటాయి, ఆయన కొడుకు కంప్యూటర్ స్కానర్ పెట్టి చూసే రకం. పైగా ఇప్పుడొచ్చే, ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఇ20 పెట్రోలు పాత రబ్బరు పైపులకి పడదు, అవన్నీ మార్పించాలి.

కాగితాల పని వేరే. ఐదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యువల్ చేయించాలి. 20 ఏళ్లు దాటిన కార్లకి 2025 ఆగస్టులో ఆ ఫీజు 10,000 రూపాయలు చేశారు. వింటేజ్‌గా రాయించుకుందామంటే 50 ఏళ్లు నిండాలి, అంటే 2034. అప్పుడైనా రోజూ తిప్పడం కుదరదు.

రోజూ ఆఫీసుకైతే డిజైరే అన్నాను. అంబాసిడర్ అమ్మొద్దు, మెకానిక్ ఉన్నన్నాళ్లు ఆదివారాలు తిప్పుదాం అని కూడా అన్నాను. బాబాయి డిజైర్ బుక్ చేశాడు. పాతదాని రబ్బరు పైపులు మార్చే ఖర్చు మాత్రం తీర్పు చెప్పినందుకు నన్నే పెట్టుకోమంటున్నాడు.