నది పక్కన లేని కొండలు, అడవిలో మాయమైన వాగులు: రూట్ యాప్ ఎత్తుల గ్రాఫ్‌తో నా గొడవ

కంకర, మట్టి దారుల్లో తొక్కే గ్రావెల్ సైకిల్ తీసుకున్న కొత్తలో మొదలుపెట్టిన రూట్ ప్లానింగ్ యాప్ ఇది. ఇప్పటికీ వాడుతున్నాను. రూట్ గీయడం, సైకిల్ కంప్యూటర్‌కి పంపడం, మలుపు దగ్గర బీప్ కొట్టడం అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. నా గొడవంతా స్క్రీన్ అడుగున ఉండే ఎత్తుల గ్రాఫ్‌తోనూ, దాని పక్కన మొత్తం ఎలివేషన్ (దారి పొడవునా ఎక్కాల్సిన ఎత్తుల మొత్తం) ఇంత అని చూపించే అంకెతోనూ.

మెచ్చుకోవాల్సింది ముందు మెచ్చుకుంటాను. ఈ బాటలో తారు ఎంత, కంకర ఎంత, మట్టి ఎంత అని రంగుల పట్టీ చూపిస్తుంది. నది ఒడ్డున పాత రైలు కట్ట మీద వేసిన కంకర బాటలు, కలప లారీల కోసం అడవిలో తవ్విన దారులు నాకు ఆ పట్టీ వల్లే తెలిశాయి. సొంతంగా వెతికితే జన్మలో దొరికేవి కావు.

అలాంటి రైలు కట్ట మీదే నాకు మొదటి అనుమానం వచ్చింది. రైలు నడిచిన దారి అంటే వాలు సాధారణంగా 2, 3 శాతానికి మించదు. పైగా నది వెంటే దిగుతూ పోతుంది. గ్రాఫ్‌లో మాత్రం రంపం పళ్లు! ఒకచోట 20 శాతం ఎక్కుడు, వెంటనే అంతే దిగుడు. మొత్తం ఎలివేషన్ 900 మీటర్లని చూసి, వస్తానన్న స్నేహితుడు ప్రయాణమే మానుకున్నాడు. తీరా వెళ్తే చిన్నపిల్లలు కూడా హాయిగా తొక్కేసే దారి.

కారణం ఏమిటంటే, ఇలాంటి యాప్‌లు చాలావరకు ఎత్తుల్ని రోడ్డు మీద కొలవవు, ఉపగ్రహాలు, అంతరిక్ష నౌకలు తీసిన ఎత్తుల పటం నుంచి తీసుకుంటాయి. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ షటిల్ 11 రోజులు తిరిగి రాడార్‌తో తయారుచేసిన పటం వాటిలో బాగా వాడకంలో ఉన్నది. అందులో ఒక్కో గడి సుమారు 30 మీటర్లు. మైదానంలో అది చాలు. ఇరుకు లోయలో మాత్రం ఒక గడి నీళ్ల మీద పడితే పక్క గడి కొండ చరియ మీద పడుతుంది. 45 డిగ్రీల చరియ పక్కన బాట గీత 10 మీటర్లు అటు జరిగిందంటే ఎత్తు కూడా 10 మీటర్లు మారిపోతుంది. సొరంగం వస్తే పైనున్న కొండ ఎత్తు, వంతెన వస్తే కింద వాగు లోతు లెక్కలోకి వస్తాయి. మనం తొక్కేది మాత్రం ఆ మధ్యలో చదునుగా ఉన్న బాట.

ఇంతవరకూ నవ్వుకుని వదిలేయొచ్చు. ఎక్కువ చూపించి తక్కువ తొక్కిస్తే ఎవరికి నష్టం? అడవిలో దీనికి సరిగ్గా తిరగబడింది.

కొండ నడుమున పోయే అడవి దారి అది. గ్రాఫ్‌లో గీత గీసినట్టు 4 శాతం ఎక్కుడు, మొత్తం 620 మీటర్లు. నీళ్లు, వెలుతురు ఆ లెక్కనే చూసుకుని బయల్దేరాను. మొదటి మలుపు తిరగ్గానే దారి ఒక్కసారిగా వాగులోకి దిగింది. తడి ఆకుల మీద బ్రేక్ పట్టుకుంటూ దిగి, గుండ్రటి రాళ్ల మీద నీళ్లు దాటేసరికి ఊపంతా పోయింది. ఎదురుగా వదులు కంకరతో నిట్టనిలువు ఎక్కుడు. లేచి తొక్కితే వెనక టైరు గిర్రున తిరిగి రాళ్లు ఎగజిమ్ముతోంది. వెనక్కి కూర్చుంటే ముందు చక్రం గాల్లోకి లేస్తోంది. సీటు కొసకు జరిగి, మోచేతులు వంచి, ఛాతీని హ్యాండిల్ మీదికి దించితే నాలుగు గజాలు సాగింది. కంప్యూటర్‌లో వాలు 18 అని కనిపించేసరికి నేను దిగి నెడుతున్నాను. దాని కిందే ఇంకో గడిలో "మిగిలింది 2.3 కి.మీ., సగటు వాలు 4 శాతం" అని ప్రశాంతంగా ఉంది.

ఒక్క వాగైతే సరే. కొండ మడత వచ్చిన ప్రతిచోటా ఇదే తంతు. ఒక్కోటి 8, 10 మీటర్ల లోతే ఉంటుంది. అంతేసి పల్లాలు 30 మీటర్ల గళ్లలో నిలబడవు. దానికితోడు ఆ రాడార్ దట్టమైన అడవిలో నేల దాకా పూర్తిగా దిగదు, చాలావరకు చెట్ల పైకప్పునే చూస్తుంది. వాగుల్లో చెట్లు ఏపుగా పెరిగి పైనుంచి పల్లాన్ని పూడ్చేస్తాయి. చివరికి సైకిల్ కంప్యూటర్‌లో గాలి పీడనాన్ని బట్టి ఎత్తు లెక్కగట్టే బారోమీటర్ చూపించిన మొత్తం 870 మీటర్లు. ఆఖరి దిగుడు చిన్న లైటు వెలుగులో, నడక వేగంతో దిగాను. గొంతు ఎండిపోయింది, బాటిల్‌లో చుక్క లేదు. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

బారోమీటర్ కూడా సత్యహరిశ్చంద్రుడేం కాదు. వానలో దాని సన్నటి రంధ్రానికి నీళ్లు అడ్డుపడితే ఇష్టమొచ్చిన ఎత్తు చూపిస్తుంది. వాతావరణం మారి పీడనం ఒక్క హెక్టోపాస్కల్ తగ్గినా, కూర్చున్నచోటే 8 మీటర్లు ఎక్కినట్టు రాసుకుంటుంది. అయినా వాగుల్ని దాచదు కదా.

కంపెనీకి రెండు రూట్లూ పంపాను. మర్యాదగానే జవాబిచ్చారు. తర్వాతి అప్‌డేట్‌లో నది బాట రంపం పళ్లు పోయాయి, అంకె దాదాపు నిజానికి వచ్చింది. గ్రాఫ్‌ను ఇంకాస్త నునుపు చేశారన్నమాట. ఆ నునుపే అడవి దారికి కూడా పూశారు! 620 కాస్తా 590 అయింది.

ఇప్పుడు నది లోయలో మొత్తం అంకెను చూడను. మొదలు ఎత్తు, చివరి ఎత్తు తీసివేసుకుంటే చాలు. అడవిలో అయితే మ్యాప్‌ను బాగా జూమ్ చేసి, బాటను కోసే నీలం గీతలు లెక్కపెడతాను. ఒకే ఎత్తున్న చోట్లను కలిపే కాంటూర్ గీతలు తరచూ అలాంటి గళ్ల పటం నుంచే వస్తాయి, వాగులు మాత్రం చాలాచోట్ల మనుషులు చూసి గీసినవి. వంతెన గుర్తు లేని ప్రతి నీలం గీతకూ 10 మీటర్లు కలుపుకుంటాను. మోటు పద్ధతే, కానీ గ్రాఫ్ కంటే నయం.

రంగుల పట్టీని పొగిడాను కదా, దానికీ ఒక తోక ఉంది. జనమే కలిసి గీసే ఉచిత పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో బాట గట్టిదనానికి గ్రేడ్ 1 నుంచి 5 దాకా గుర్తులుంటాయి. ఎవరూ ఆ గుర్తు పెట్టని చోట ఈ యాప్ ఊహించి రంగు వేస్తుంది, ఊహించానని చెప్పదు. కంకర అనుకున్నవాటిలో కొన్ని చక్రం మునిగే మట్టి. ఫొటోలు ఉన్న చోట ఫొటో చూసే వెళ్తున్నాను.

చందా మాత్రం మళ్లీ కట్టాను. నేను ఒంటరిగా, బరువు సంచులతో వెళ్తాను. నా సైకిల్ గేరు చక్రాలకు ముందు 40, వెనక పెద్దదానికి 42 పళ్లు, ఎక్కుళ్లలో నా కాళ్లు అంతంతమాత్రం. కాబట్టి 250 మీటర్ల తేడా నాకు పెద్దది. వెనక 50 పళ్ల చక్రం ఉండి, జట్టుగా వెళ్లేవాళ్లకు ఇదంతా చాదస్తంలా అనిపించొచ్చు. మీ ప్రాంతానికి లేజర్‌తో కొలిచిన, ఒక్కో గడి 1 మీటరే ఉండే లైడార్ పటాలుండి, మీ యాప్ వాటిని వాడుతుంటే నా ఫిర్యాదులో సగం మీకు వర్తించదు. కొనేముందు మీరు ఇప్పటికే తొక్కిన అడవి దారి ఒకటి, నది దారి ఒకటి అందులో గీసి చూడండి, ఉచిత వెర్షన్‌లోనే తేలిపోతుంది.