కుడి మోకాలికి నాలుగు స్టార్లు

హనుమకొండలోని ఈ హాస్పిటల్‌లో మా ఆవిడకు కుడి మోకాలి చిప్ప మార్పించాం. లాబీ, ఏసీ గదుల గురించి ఇక్కడ చాలామంది రాశారు, నేను వాటి జోలికి పోను. కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. ఎక్కడికెళ్లినా మనిషికి ప్రమాదం జరగకుండా ఏం చేస్తున్నారన్న దాని మీదికే నా కన్ను పోతుంది.

చేరిన కాసేపటికే విసుగొచ్చింది. పేరేంటమ్మా, వయసెంత, ఏ కాలు, పడని మందులున్నాయా? ఒక సిస్టర్ అడిగి వెళ్తే ఇంకో సిస్టర్ వచ్చి మళ్లీ అవే. చేతికి పట్టీ కట్టాక కూడా నోటితో చెప్పించుకునే ఇంజెక్షన్ ఇస్తున్నారు. "పట్టీ మీద రాసింది కనబడతలేదా వీళ్లకు?" అని మా ఆవిడ గొణిగింది. అదే వార్డులో ఇంకో ఇద్దరు లక్ష్మమ్మలు ఉన్నారని తెలిశాక ఆ మాట మానేసింది. "లక్ష్మమ్మేనా?" అంటే మత్తులో ఉన్న మనిషి దేనికైనా ఊ కొడుతుంది. "మీ పేరేంటి?" అంటే తన పేరే చెప్పాలి. సల్ఫా మందులు పడవని చెప్పగానే ఎర్ర పట్టీ కూడా కట్టారు. ఇంటి నుంచి తెచ్చిన షుగర్, బీపీ గోలీలన్నీ రాసుకుని వాళ్ల దగ్గరే పెట్టుకున్నారు, మేమొకటి వాళ్లొకటి వేసి డబుల్ డోస్ కాకుండా.

ఆపరేషన్ రోజు పొద్దున సర్జన్‌గారే గదికి వచ్చి, ఆవిడ మెలకువగా ఉండగానే కుడి తొడ మీద పెన్నుతో బాణం గుర్తు వేశారు. ఆ తర్వాత ఆపరేషన్ థియేటర్‌లో జరిగేది మత్తు డాక్టరుగారు చెప్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన చెక్‌లిస్టట, మొత్తం 19 అంశాలు. మత్తు ఇచ్చే ముందు, కోత పెట్టే ముందు, బయటికి తెచ్చే ముందు అందరూ ఆగి పైకి చదవాలి. చివర్లో నెత్తురు అద్దే గాజ్ గుడ్డలు, సూదులు లెక్కపెట్టాలి. ఢిల్లీతో కలిపి 8 నగరాల్లో ఒక్కో ఆసుపత్రిలో దీన్ని పెట్టి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి తగ్గాయని 2009లో లెక్కలు వచ్చాయట.

కాగితం చదివితే ప్రాణాలు నిలుస్తాయా అని మా అబ్బాయి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. స్తంభం ఎక్కేముందు మేం ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్, సప్లై ఆపామన్న మాట తీసుకుంటాం, ఫీడర్ (ఆ కరెంటు లైను) పేరు చెప్పి అవతలి వాడితో మళ్లీ చెప్పించుకుంటాం, దిగాక మనుషుల్ని లెక్కపెట్టుకునే ఎల్‌సీ రిటర్న్ చేస్తాం. పని రాని కుర్రాడు ఇవన్నీ భయంతో చేస్తాడు. "నాకు తెలుసులే" అనే సీనియరే సప్లై ఉన్న లైను మీద చెయ్యి వేస్తాడు.

ఫార్మసీ వాడు రాసిన మందు లేదని ఇంకో కంపెనీది ఇస్తే, సిస్టర్ డాక్టరుకు ఫోన్ చేసి అడిగాకే వేసింది. ఇదీ బాగుంది.

ఇక కోసిన స్టారు సంగతి. మంచం కాళ్ల దగ్గర చేతులు రుద్దుకునే మందు సీసా ఉంటుంది. రౌండ్స్‌కి వచ్చే డాక్టర్లు తప్పకుండా వాడారు. ఫిజియోథెరపీ అబ్బాయి మాత్రం పక్క మంచం నుంచి నేరుగా వచ్చి కాలు పట్టుకోబోయాడు. "బాబూ, చేతులు" అంది మా ఆవిడ. పాపం, వెంటనే రుద్దుకున్నాడు. ఆదివారం సీసా ఖాళీ, సోమవారం దాకా నింపినవాళ్లు లేరు.

అంతకన్నా పెద్ద లోపం రాత్రిపూట. పగలు ఉన్నంత మంది సిస్టర్లు ఉండరు. బాత్రూంకి లేవాలని మా ఆవిడ బెల్ కొట్టింది, ఎవరూ రాలేదు. కొత్త మోకాలితో తనే లేవబోతే నేను పట్టుకున్నాను. లోపల నేల తడి, కమోడ్ పక్కన పట్టుకోవడానికి రాడ్ లేదు. గోడ మీద "జారిపడతారు జాగ్రత్త" అని బోర్డు మాత్రం ఉంది. బోర్డు పట్టుకుని నిలబడాలా?

రిజిస్టర్‌లో రాస్తే మర్నాడు క్వాలిటీ మేడమ్ వచ్చింది. ఆ రాత్రి డ్యూటీ సిస్టర్ ఎవరని ఆమె అడగలేదు. బెల్ ఎక్కడ మోగుతుంది, ఆ సమయానికి సిస్టర్ ఏ పనిలో ఉండొచ్చు, అని అడిగి రాసుకుంది. మా డిపార్ట్‌మెంట్‌లో అయితే ముందు మెమో వచ్చేది, ఆ దెబ్బకు తర్వాత ఎవడూ నోరు విప్పేవాడు కాదు. ఆ మేడమ్ పద్ధతి నాకు నచ్చింది. రాడ్ మాత్రం మేం డిశ్చార్జ్ అయ్యేదాకా రాలేదు.

డిశ్చార్జ్ కాగితంలో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే గోలీ ఎప్పుడు ఆపాలో లేదు. అడిగితే తేదీ రాసిచ్చారు. మీరూ అడగండి.

ఎడమ మోకాలు ఇంకా మిగిలే ఉంది. ఇక్కడికే వస్తాం, కాకపోతే ముందు నేనొక్కడినే వచ్చి బాత్రూం చూసి వెళ్తా.