కామఫ్లాజ్ హెల్మెట్ కొనేవాళ్ళూ జాగ్రత్త: స్టాంప్ అసలుదే, రంగు మాత్రం కొత్తది

రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ హెల్మెట్లు సేకరించే మనవాళ్ళు, ముఖ్యంగా యూరప్‌లో ఉంటూ పాత మిలిటరీ సామాన్ల సంతలకు వెళ్ళేవాళ్ళు, దయచేసి ఇది చదివాకే డబ్బు తీయండి. పోయిన నెల నేను 1,850 యూరోలు పోగొట్టుకున్నాను.

బెల్జియంలో ఒక సంతలో ఎం42, అంటే 1942 మోడల్ హెల్మెట్ కనిపించింది. 1944లో ఫ్రాన్స్‌లోని నార్మండీ యుద్ధంలో కనిపించిన రకం మూడు రంగుల కామఫ్లాజ్ పూత, అంటే పరిసరాల్లో కలిసిపోయేలా వేసే రంగు. ముదురు పసుపు మీద ఆకుపచ్చ, ఎర్రమట్టి రంగు మచ్చలు. ఒక రైతు కొట్టంలో దొరికిందని అమ్మినాయన చెప్పాడు. అంచు లోపలికి మడవకుండా బయటికి వంచి వదిలేసి ఉంది. అంటే 1942 నుంచి వచ్చిన తయారీయే. లోపల ఎడమ పక్కన క్యూ66 అనే స్టాంప్. అది ఎస్‌లింగెన్‌లోని క్విస్ట్ కంపెనీ గుర్తు. 66 సైజు షెల్‌కి (ఇనుప గిన్నెకి) 58 లేదా 59 లైనర్ (తలకి ఆనే లోపలి తోలు పట్టీ) ఉండాలి. 58 ఉంది. యూవీ టార్చ్ వేసి చూశాను, రంగు ఎక్కడా మెరవలేదు. ఇంకేం కావాలి అనుకున్నాను.

అక్కడే మోసపోయాను. ఆ స్టాంప్ ఇనుముకు సాక్ష్యం, రంగుకు కాదు. మామూలు బూడిద రంగు హెల్మెట్ కంటే కామఫ్లాజ్ వేసినదానికి ఎన్నో రెట్లు ధర పలుకుతుంది. అందుకే అసలు షెల్ తీసుకుని దానికే కొత్తగా రంగు వేస్తారు. యూవీ కింద మెరిస్తే కొత్త రంగేమో అని అనుమానించాలి కానీ, మెరవనంత మాత్రాన పాతదని కాదు.

ఇంటికొచ్చి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాను. రెండు రోజుల తర్వాత మూత తీయగానే గుప్పుమని థిన్నర్ వాసన. ఎనభై ఏళ్ళ రంగుకి ఆ వాసన ఎందుకు ఉంటుంది? అప్పుడు పది రెట్ల భూతద్దం పట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. వెనక అంచు మీద తుప్పు తినేసిన చిన్న చిన్న గుంటలున్నాయి. ఆ గుంటల అడుగుదాకా పసుపు రంగు దిగి ఉంది. అంటే ఇనుము ఏళ్ళ తరబడి తుప్పు పట్టాక ఈ రంగు పడిందన్నమాట. 1944లో వేసిన రంగైతే తుప్పు దాన్ని చీల్చుకుని పైకి రావాలి, రంగు తుప్పు మీద కూర్చోదు. లైనర్‌ని పట్టి ఉంచే మూడు పిన్నుల తలలు కూడా చూశాను. పక్క పిన్ను తల మీది గీతలోకి రంగు దిగి ఉంది. ఆ గీత ఎప్పుడో స్క్రూడ్రైవర్ జారి పడింది, రంగు దాని తర్వాతే పడింది. ఇక అరుగుదల. నిజంగా వాడిన హెల్మెట్ అంచు దగ్గర, గాలి రంధ్రాల చుట్టూ, బోర్లా పెడితే నేలకు తగిలే చోట్ల ఎక్కువ అరుగుతుంది. దీనికి ఎమరీ పేపర్‌తో రుద్దినట్టు అంతటా ఒకేలా అరిగింది.

ఈ రంగుల విషయంలో కష్టం ఏమిటంటే, పోల్చుకోడానికి ఒక కచ్చితమైన నమూనా లేదు. ముదురు పసుపు 1943 ఫిబ్రవరిలో వచ్చింది. ఆ తర్వాత ఏ యూనిట్‌కి దొరికిన రంగు ఆ యూనిట్ బ్రష్‌తోనో స్ప్రేతోనో వేసుకుంది. కొందరు మెరుపు పోవడానికి రంగులో ఇసుక కలిపారు. కాబట్టి 'డిజైన్ తేడాగా ఉంది' అని ఎవరినీ నిలదీయలేం. రంగు ఎప్పుడు పడిందో చెప్పేవి తుప్పు, గీతలు, పిన్నులు మాత్రమే. సంతలో భూతద్దం తీయడానికి మొహమాటపడకండి. లైనర్ తోలు ఎత్తి లోపలి గిన్నె, పిన్నుల తలలు పగటి వెలుతురులో చూపించమనండి. రంగు కరుగుతుందేమో అని ఎసిటోన్‌తో రుద్ది చూడటం మాత్రం వద్దు. అసలు రంగైతే అది కూడా పాడైపోతుంది.

అమ్మినాయనకి ఫొటోలు పంపితే 'చూసే కొన్నారు కదా' అన్నాడు. రసీదులో 'జర్మన్ హెల్మెట్' అని తప్ప రంగు గురించి ఒక్క ముక్క లేదు. నేను అడగలేదు కూడా. మీరు అడగండి. 'యుద్ధకాలం నాటి కామఫ్లాజ్ రంగు, కాదని తేలితే వాపసు' అని సంతకంతో రాయించుకోండి. రాయనంటే అక్కడే వదిలేసి వచ్చేయండి.

హెల్మెట్ ఇంకా నా దగ్గరే ఉంది. లైనర్ తోలు కింద 'షెల్ అసలుది, రంగు కొత్తది' అని చీటీ అతికించాను. ఎప్పుడైనా అమ్మాల్సి వస్తే మామూలు షెల్ ధరకే, ఆ చీటీ చూపించే అమ్ముతాను.