పాత పెట్రోల్ పికప్‌కి ఫ్యూయల్ ప్రెషర్ గేజ్: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

పాత పెట్రోల్ పికప్ ఎత్తు ఎక్కేటప్పుడు లాగకపోతే చూసినవాళ్లందరూ చెప్పే మాట దాదాపు ఒకటే: ఫ్యూయల్ పంప్ (ట్యాంక్ నుంచి ఇంజిన్‌కి పెట్రోల్ తోసేది) మార్చెయ్యండి. నాకూ అదే చెప్పారు. చాలా పికప్‌లలో పంప్ ట్యాంక్ లోపల ఉంటుంది. దాన్ని మార్చాలంటే ట్యాంక్ దించాలి, లేదా వెనక తొట్టి లేపాలి. అంత పనికి దిగే ముందు ఒక్కసారి లైన్‌లో పెట్రోల్ ప్రెషర్ ఎంతుందో చూద్దామని గేజ్ కొన్నాను. అప్పటినుంచి అది నా టూల్ బాక్స్‌లోనే ఉంది. పాత బండి సొంతంగా చూసుకునేవాళ్లు స్పానర్లు, మల్టీమీటర్ తర్వాత కొనాల్సింది ఇదేనని నా గట్టి అభిప్రాయం. అయితే ఇంజిన్ ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా నిలబెట్టి నడుస్తూ) ఉండగా ముల్లు చూసి, బాగానే ఉందనుకుని డబ్బాలో పెట్టేస్తే మాత్రం దీన్ని కొన్న ఫలితం సగం కూడా దక్కదు.

నాది మామూలు రకం కిట్. 0 నుంచి 100 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలిచే యూనిట్) దాకా చూపే డయల్, దాని చుట్టూ రబ్బరు తొడుగు, పొట్టి హోస్, లైన్‌లో ఉన్న పెట్రోల్ వదలడానికి నొక్కే బటన్, ఆ పెట్రోల్ సీసాలోకి పోవడానికి సన్నటి ట్యూబ్. వీటితోపాటు గుప్పెడు అడాప్టర్లు వచ్చాయి. నా బండిలో ఇంజెక్టర్లకు (ఇంజిన్‌లోకి పెట్రోల్ చిమ్మేవి) పెట్రోల్ అందించే రెయిల్ అనే పైపు మీదే ష్రేడర్ వాల్వ్ (టైర్‌కి గాలి కొట్టే వాల్వ్ లాంటిది) ఉంది కాబట్టి ఒక్క అడాప్టర్‌తోనే పని అయిపోతోంది. ఆ వాల్వ్ లేని బండ్లలో ఫిల్టర్ దగ్గర లైన్ విప్పి టీ కనెక్టర్ పెట్టాలి. కొనేముందు మీ బండిలో ఏముందో చూసుకోండి.

దానికంటే ముందు మీ ఇంజిన్‌కి ఎంత ప్రెషర్ కావాలో సర్వీస్ మాన్యువల్‌లో చూడాలి. ఇక్కడ అందాజాలు పనికిరావు. కార్బ్యురేటర్ ఉండి మెకానికల్ పంప్‌తో నడిచే బండికి 4 నుంచి 7 పీఎస్‌ఐ చాలు. థ్రాటిల్ బాడీ ఇంజెక్షన్ (అన్ని సిలిండర్లకూ ఒకేచోట పెట్రోల్ చిమ్మే పద్ధతి) ఉన్న పాత జీఎం (జనరల్ మోటార్స్) పికప్‌లకు 9 నుంచి 13 కావాలి. ప్రతి సిలిండర్‌కీ ఇంజెక్టర్ ఉండి, రిటర్న్ లైన్ (మిగిలిన పెట్రోల్‌ని ట్యాంక్‌కి తిరిగి పంపే పైపు) కూడా ఉన్న చాలా బండ్లలో ఐడిల్‌లో 30 నుంచి 45 మధ్య ఉంటుంది. 1996లో వచ్చిన జీఎం వోర్టెక్ వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్లకు మాత్రం 60 పైనే కావాలి. వాటిలో 50 దగ్గర ముల్లు నిలబడితే చూడ్డానికి ఘనంగానే ఉంటుంది గానీ బండి స్టార్ట్ కాకుండా మొరాయిస్తుంది.

ఇక నా బండి సంగతి. ఇగ్నిషన్ ఆన్ చేయగానే పంప్ సుమారు రెండు సెకన్లు తిరిగి ఆగేది, ప్రెషర్ వచ్చేది. ఐడిల్‌లోనూ మాన్యువల్‌లో చెప్పినంతే ఉండేది. అక్కడితో ఆగితే పెట్రోల్ వైపు ఏ లోపమూ లేదనే అనుకోవాలి. కానీ బండి లాగనిది ఐడిల్‌లో కాదు, ఎత్తు మీద. అందుకే పెట్రోల్‌కి పనికొచ్చే పొడవాటి హోస్ విడిగా తీసుకుని, గేజ్‌ని ముందు అద్దం బయట వైపర్ కింద కట్టి, మరొకరు నడుపుతుంటే పక్క సీట్లో కూర్చుని ముల్లు చూశాను. గేజ్‌ని క్యాబిన్ లోపలికి మాత్రం తేవద్దు. ప్రెషర్ మీదున్న పెట్రోల్ మనం కూర్చునే చోట లీకైతే ప్రాణం మీదికొస్తుంది.

యాక్సిలరేటర్ అంతా తొక్కి థ్రాటిల్ పూర్తిగా తెరిస్తే ఇంజిన్‌లో వాక్యూమ్ తగ్గుతుంది. అప్పుడు రెగ్యులేటర్ (పెట్రోల్ ప్రెషర్‌ని అదుపులో ఉంచే భాగం) ప్రెషర్‌ని ఇంకాస్త పెంచాలి. నా గేజ్‌లో ముల్లు పెరగాల్సింది పోయి ఎత్తు సగానికి వచ్చేసరికి 30 కిందికి జారింది. సరిగ్గా అప్పుడే బండి జర్కులు ఇచ్చింది. ఇంజిన్‌కి కావలసినంత పెట్రోల్ అందడం లేదని తేలిపోయింది.

ఎందుకు అందడం లేదో గేజ్ చెప్పదు. అక్కడ మల్టీమీటర్ కావాలి. పంప్ తిరుగుతుండగా దాని కనెక్టర్ దగ్గర వోల్టేజ్ చూస్తే బ్యాటరీ దగ్గరున్న దానికంటే రెండు వోల్ట్‌ల పైన తక్కువ వచ్చింది. అర వోల్ట్ తేడా ఉన్నా అనుమానించాల్సిందే. ఒక ప్రోబ్ పంప్ ఎర్త్ వైరుకీ, రెండోది బ్యాటరీ మైనస్‌కీ పెడితే పోతున్న వోల్టేజ్ అంతా దాదాపు అక్కడే కనిపించింది. ఛాసిస్‌కి ఎర్త్ బిగించిన చోట తుప్పు. లోహం మెరిసేదాకా గీకి, వైరు చివరకి కొత్త లగ్ (బోల్టుకి బిగించే లోహపు ముక్క) వేసి బిగించాను. మళ్లీ అదే ఎత్తు ఎక్కితే ముల్లు కిందికి జారలేదు, బండి హాయిగా లాగింది. మార్చెయ్యమన్న పంప్ ఆ తర్వాత కూడా ఏళ్లపాటు పనిచేసింది. ఆ రోజు కలిగిన తృప్తి చిన్నది కాదు.

ఇంకోసారి వేరే బాధ. వేడి మీద ఆపి, కాసేపటికి స్టార్ట్ చేస్తే చాలాసేపు క్రాంక్ చేయాల్సి (స్టార్టర్ తిప్పుతూనే ఉండాల్సి) వచ్చేది. ఇలాంటి చోట గేజ్‌కి తిరుగులేదు. ఇంజిన్ ఆపాక ప్రెషర్ నిలబడాలి, నాది చకచకా పడిపోయేది. ప్రెషర్ ఎక్కించి రిటర్న్ హోస్ నొక్కి పట్టినప్పుడు ముల్లు నిలబడితే తప్పు రెగ్యులేటర్‌ది. ట్యాంక్ నుంచి వచ్చే హోస్ నొక్కితే నిలబడితే పంప్ వైపు లీకు. రెండూ నొక్కినా పడిపోతుంటే ఏదో ఇంజెక్టర్ కారుతోందని అర్థం. నొక్కేది మెత్తటి రబ్బరు హోస్‌నే, నున్నటి దవడలున్న క్లాంప్‌తోనే. నైలాన్ లైన్‌నీ, గట్టిపడ్డ పాత రబ్బరునీ నొక్కితే పగులుతాయి.

నా బండిలో లీకు పంప్ వైపు తేలింది. ట్యాంక్ లోపల పంప్‌ని పైపుకి కలిపే చిన్న హోస్ చీలి ఉంది. దాని స్థానంలో మామూలు ఫ్యూయల్ హోస్ వేయకూడదు. పెట్రోల్‌లో మునిగి ఉంటే దాని బయటి పొర పాడైపోతుంది. మునిగి ఉండేందుకే తయారైన ఎస్‌ఏఈ జె30ఆర్10 రకం హోస్ అడిగి తీసుకోండి.

రెగ్యులేటర్ పరీక్ష ఇంకా సులువు. ఐడిల్‌లో దాని వాక్యూమ్ హోస్ పీకితే ప్రెషర్ 8 నుంచి 10 పీఎస్‌ఐ పెరగాలి. ఆ హోస్‌లో పెట్రోల్ తడి కనిపిస్తే లోపలి డయాఫ్రమ్ (సన్నటి పొర) చిరిగినట్టే. నల్ల పొగకీ, పడిపోయిన మైలేజీకీ కారణం అక్కడే దొరకొచ్చు.

ఒక్క విషయం మర్చిపోవద్దు. ప్రెషర్ ఉన్నంత మాత్రాన సరిపడా పెట్రోల్ వస్తున్నట్టు కాదు. చాలా బండ్లలో అర నిమిషానికి దాదాపు అర లీటరు రావాలి. రాకపోతే ఫిల్టర్, ట్యాంక్ లోపలి జాలీ చూడాలి. ట్యాంక్ మూత తెరవగానే గాలి బలంగా లోపలికి పీల్చుకుని, ఆ తర్వాత బండి కాసేపు బాగా నడిస్తే వెంట్ (ట్యాంక్‌లోకి గాలి వచ్చే దారి) మూసుకుపోయిందేమో చూడండి.

వాడకంలో కిట్ ఎలా నిలబడిందంటే, ఇత్తడి ఫిట్టింగులు కొత్తవాటిలాగే ఉన్నాయి. ఓ-రింగులు (లీకు ఆపే రబ్బరు రింగులు) గట్టిపడితే పెట్రోల్‌ని తట్టుకునే వైటాన్ రకం వేశాను. పెట్రోల్ వదిలే ట్యూబ్ పసుపెక్కి బిరుసైపోయింది, దాన్నీ మార్చాను. ముల్లు ఇప్పుడు సున్నాకి కాస్త పైనే ఆగుతోంది, రీడింగ్‌లో అంత తీసేసి చూసుకుంటున్నాను. నాకు నచ్చనిది ఆ బటన్. కొన్నాళ్లుగా దాని దగ్గర తడి కనిపిస్తోంది. వేడి ఎగ్జాస్ట్ మీద ఒక్క చుక్క పడినా ప్రమాదమే. అందుకే ఇంజిన్ చల్లారాకే గేజ్ బిగిస్తాను, ఫిట్టింగ్ చుట్టూ గుడ్డ కప్పుతాను, కళ్లద్దాలు పెట్టుకుంటాను, మంటలార్పే సిలిండర్ చేతికందే దూరంలో ఉంచుతాను.

మళ్లీ కొనాల్సి వస్తే అడాప్టర్లు తక్కువున్నా ఫర్వాలేదు గానీ, హోస్ పొడవుగా ఉండి బటన్ గట్టిగా ఉన్న కిట్ తీసుకుంటాను. మీది కార్బ్యురేటర్ పికప్ అయితే నాలాంటి గేజ్ కొనకండి. 100 దాకా ఉన్న డయల్ మీద 4కీ 6కీ తేడా సరిగా కనిపించదు. 0 నుంచి 15 పీఎస్‌ఐ చూపే గేజ్ తీసుకోండి.