ఆరేళ్లు వాడిన క్రిస్మస్ బంతుల పెట్టె: గాజువాటికి భేష్, మిగతావాటికి అంతంతమాత్రం

2019 డిసెంబరులో ఆన్‌లైన్‌లో కొన్నాను, పన్నెండు వందల చిల్లర. జిప్పు పెట్టె, లోపల నాలుగు అరలు, అరకు పదహారు గళ్లు, మొత్తం 64 బంతులు పడతాయి. మేముండేది మల్కాజిగిరిలో, పై అంతస్తు. జనవరి 6 దాటాక వచ్చే ఆదివారం చెట్టు విప్పి ఇందులో సర్దుతాం, ఇప్పటికి ఆరుసార్లు సర్దాను.

నాన్న ఎప్పుడో జనరల్ బజార్‌లో కొన్న గాజు బంతులు మా ఇంట్లో ఉన్నాయి. ఇంతకుముందు పాత చీర ముక్కల్లో చుట్టి బకెట్లో పెడితే ఏటా ఒకటో రెండో పోయేవి. పెట్టె వచ్చాక పగిలింది ఒక్కటే, అదీ నా తప్పే: బంతిని రేకు టోపీ పట్టుకుని ఎత్తాను, లోపలి తీగ వదులైనట్టుంది, టోపీ చేతిలో ఉంది, బంతి గచ్చు మీద ఉంది. అప్పటినుంచి కింద అరచెయ్యి పెట్టి తీస్తున్నా. కొక్కేలు కూడా తీసేసి మందుల డబ్బాలో వేస్తాను, లేకపోతే పక్క బంతి రంగు గీసేస్తాయి.

ఇక తిట్లు. గళ్ల మధ్య అడ్డలు ఉత్త అట్ట, మూడో వానాకాలానికే మెత్తబడి ఒరిగిపోయాయి. నాలుగో ఏడు జిప్పు పోయింది, పాత చున్నీతో కట్టేస్తున్నా. గళ్లు మూడంగుళాలే కాబట్టి పెద్ద బంతులు, గంటలు పట్టవు, వాటికి ఆపిల్ అట్టపెట్టెలో వచ్చే గుంటల ట్రేలే గతి (పండ్ల బండి అతన్ని అడిగితే ఊరికే ఇస్తాడు). బుల్లివాటికి కోడిగుడ్ల ట్రే.

నిజానికి మా ఇంట్లో పగిలినవాటికన్నా ఎండకు పాడైనవే ఎక్కువ. మే నెలలో స్లాబు కింద అటక మీద చెయ్యి పెడితే పెనమే! మెరుపుల ప్లాస్టిక్ బంతులు ఒకదానికొకటి అతుక్కున్నాయి, గ్లూ గన్‌తో అంటించిన గొర్రెపిల్ల చెవులు ఊడాయి. ఇప్పుడు అటక మీద చెట్టు ఒక్కటే, పెట్టె మంచం కిందికి వచ్చేసింది.

ఒక ఏడాది అమ్మ "బొద్దింకలు పడతాయే" అంటూ నాలుగు కలరా ఉండలు వేసింది. డిసెంబరులో తెరిస్తే థర్మోకోల్ స్నోమ్యాన్ పొట్టకు ఉండ ఆనిన చోట బొటనవేలంత గుంట. నాఫ్తలీన్ థర్మోకోల్‌ని మెత్తబరిచి తినేస్తుందని అలా తెలిసింది. ఇప్పుడు చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు దాచి వేస్తున్నాం. న్యూస్‌పేపర్ కూడా వద్దు, తెల్ల దేవదూత రెక్క మీద సగం హెడ్‌లైన్ అచ్చుపడింది. సీరియల్ లైట్లయితే ఒకసారి వెలిగించి చూసి, అట్టముక్కకి చుట్టి పెట్టేయడమే.

ఐదుకి మూడు ఇస్తాను. ప్లాస్టిక్ అడ్డలున్నది దొరికితే అదే కొనండి, కొనేముందు మీ దగ్గరున్న పెద్ద బంతిని స్కేలు పెట్టి కొలుచుకోండి.